డబ్లిన్‌లో నాకు నచ్చిన మూడు క్లాసులు

ఈ సెప్టెంబరులో మన ఇంట్లోంచి ఇద్దరు పిల్లలు పై చదువులకి విదేశం వెళ్తున్నారు. చిన్నాన్న కూతురు జర్మనీకి, మేనత్త కొడుకు కెనడాకి. "నువ్వు ముందర వెళ్ళొచ్చావు కదా, అక్కడ చదువు ఎలా ఉంటుందో, ఏ క్లాసు పనికొచ్చిందో పిల్లలకి నాలుగు ముక్కలు రాసి పెట్టమ్మా" అని పెదనాన్న గారు నెల్లాళ్ళుగా అడుగుతున్నారు. వీసా, బ్యాంకు లోను, సూట్‌కేసులో ఎన్ని కిలోల పచ్చడి పడుతుంది, ఇవన్నీ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. అందుకని నాకు నచ్చిన క్లాసుల గురించే రాస్తాను. మొత్తం మూడు. మూడోదానికి మార్కులు లేవు, సర్టిఫికెట్టూ లేదు. కాని నేను ఇంటికి తెచ్చుకున్నది అందులోదే ఎక్కువ.

వెళ్ళే ముందు

బరంపురంలో లా అయ్యాక ఎల్ఎల్.ఎం.కి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో సీటొచ్చింది. 2018 వేసవి. ఇంట్లో పెద్ద చర్చ. "అమెరికా అయితే మనవాళ్ళు వీధికొకరున్నారు. లండన్ అయినా సరే. ఈ ఐర్లాండేమిటి, అక్కడ మనకెవరున్నారు?" అని ఒకరి తర్వాత ఒకరు. నాన్న కూడా ఎటూ చెప్పలేకపోయారు. వసారాలో కూచుని చింతపండులో పిక్కలు తీస్తున్న నానమ్మకి ఈ గోలంతా ఎంత వినపడిందో తెలీదు. ఐర్లాండు అన్న మాట మాత్రం మా పెదాల మీద పట్టుకున్నట్టుంది. తలెత్తి, "గిరి గారు చదివింది అక్కడే కదేటి?" అంది.

ఆ మాటతో చర్చ ముగిసిపోయింది. మన ఇంట్లో గిరి గారి మాట వస్తే ఇంకెవరూ అడ్డు చెప్పరు కదా. తాతయ్య బరంపురం స్టేషన్లో గూడ్స్ క్లర్కు. 1956లో చేరారు. అప్పటికే బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు పోయి సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. అయినా పాతవాళ్ళు "బి.ఎన్.ఆర్." అనే అనేవారు. ఆ బి.ఎన్.ఆర్. కార్మికులకి సంఘం కట్టినవాళ్ళలో ముందు నిలబడ్డది గిరి గారు. అందుకే హాల్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కన ఆయన ఫోటో. చిన్నప్పుడు నాకు మాత్రం గిరి అంటే గిరి రోడ్డే. దసరాకి బట్టలు కొనుక్కునే రోడ్డు.

పిల్లలకి తెలియాలని రెండు మాటలు. వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలోనే పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు ఇక్కడ పేరున్న వకీలు. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఇటు చేరాం. మనవాళ్ళు ఇల్లు కదల్లేదు, హద్దే మనల్ని దాటి అవతలికి వెళ్ళింది. గిరి గారు ఖల్లికోట కాలేజీలో చదువుకుని, 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు. సరిగ్గా 105 ఏళ్ళకి నేను వెళ్ళాను. ఆయన ఓడలో, నేను విమానంలో.

మొదటి క్లాసు: రాజ్యాంగం

మీరు కూడా స్కూల్లో బట్టీ పట్టే ఉంటారు: "ఆదేశిక సూత్రాలు, ఐర్లాండు నుంచి". ఒక మార్కు ప్రశ్న. నేనూ పదేళ్ళపాటు రకరకాల పరీక్షల్లో రాశాను. ఒక్కసారైనా ఐర్లాండు రాజ్యాంగం తెరిచి చూడలేదు.

డబ్లిన్‌లో రెండో వారం క్లాసులో ఆ పేజీ తెరిచాం. 1937 రాజ్యాంగం, 45వ అధికరణం. చదువుతుంటే మన నాలుగో భాగం చదువుతున్నట్టే ఉంది. ప్రజల సంక్షేమం, బలహీనుల రక్షణ, ఉమ్మడి మేలు. వీటిని కోర్టులో అమలు చేయించుకోలేం అన్న మెలిక కూడా అక్కడిదే. ప్రొఫెసరు గారు, "ఇండియా నుంచి ఎవరైనా ఉన్నారా? మా దగ్గర ఈ అధికరణాన్ని దాదాపు మర్చిపోయారు. మీ దగ్గర ఏమైంది?" అని అడిగారు. నేను లేచి, మా సుప్రీం కోర్టు వీటిని ప్రాథమిక హక్కులతో కలిపి చదివి ఎలా బలం ఇచ్చిందో చెప్పాను. మొదటిసారి ఆ గదిలో నా గొంతు వినపడింది. మనం అరువు తెచ్చుకున్నామని చదువుకున్నది అరువిచ్చినవాళ్ళకి తిరిగి చెప్పడం భలే ఉంటుంది.

ఆ అక్టోబరు 26న వాళ్ళకి అధ్యక్ష ఎన్నిక. కరెంటు స్తంభాలకి అభ్యర్థుల ఫోటోలు. అక్కడ ఓటరు ఒక్కరికి టిక్కు పెట్టి ఊరుకోడు. 1, 2, 3 అని వరసగా ఇష్టాలు రాస్తాడు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, కింద ఉన్నవాళ్ళని తీసేసి వాళ్ళ ఓట్లలోని రెండో ఇష్టాన్ని లెక్కపెడతారు. ఆ ఏడాది మైకేల్ డి. హిగ్గిన్స్ మొదటి లెక్కలోనే నెగ్గారు కాబట్టి ఆ అవసరం రాలేదు. "ఈ రెండో లెక్క ఎక్కడైనా ఫలితాన్ని తేల్చిందా?" అని క్లాసులో చర్చ వచ్చింది.

నాకు వెంటనే గోడ మీద ఫోటో గుర్తొచ్చింది. మన రాష్ట్రపతి ఎన్నిక కూడా ఇదే పద్ధతి. 1969లో గిరి గారికి మొదటి లెక్కలో 4,01,515, నీలం సంజీవరెడ్డి గారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాక గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427. అలా తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో అదొక్కటే. పోటీలో ముందున్న ఇద్దరూ తెలుగువాళ్ళే. గెలిచినాయన మా ఊరివాడు, మీ యూనివర్సిటీలో చదివాడు అని చెప్పి కూచున్నాను. ఎవరూ నమ్మలేదు. ఫోన్లు తీసి వెతుక్కున్నారు.

రెండో క్లాసు: కార్మిక చట్టం

ఇది జనవరిలో మొదలైంది. పన్నెండు మందిమి ఒక బల్ల చుట్టూ. లెక్చరు తక్కువ, వాదన ఎక్కువ. వారానికొకరు ఒక కేసు గాని సంఘటన గాని తీసుకుని మాట్లాడాలి, మిగతావాళ్ళు ప్రశ్నలతో పీకి పెట్టాలి. పిల్లలూ, మనం ఇక్కడ సారు చెప్పింది రాసుకోవడానికి అలవాటు పడతాం. అక్కడ "నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను" అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. తెలిసినట్టు నటిస్తేనే చూస్తారు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, మీరు ముందే నేర్చుకోండి.

మొదటి వారాల్లోనే 1913 వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు చివర డబ్లిన్‌లో ట్రామ్ కార్మికులు సమ్మెకి దిగారు. జిమ్ లార్కిన్ పెట్టిన యూనియన్‌లో ఉండం అని సంతకం పెట్టనివాళ్ళని యజమానులు పనిలోకి రానివ్వలేదు. వేల ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. మరుసటి ఏడాది మొదట్లో కార్మికులు ఓడిపోయి పనిలోకి వెళ్ళారు. అదే ఊళ్ళో అదే చలికాలంలో మన బరంపురం కుర్రాడు లా చదువుతున్నాడు. ఆ ఉద్యమంలో లార్కిన్ పక్కన నిలబడ్డ జేమ్స్ కానలీ ప్రభావం తన మీద ఉందని గిరి గారే తర్వాత చెప్పుకున్నారు. ఇండియాకి తిరిగొచ్చాక ఆయన వకీలు కోటు పక్కన పెట్టి రైలు కార్మికుల దగ్గరికి ఎందుకు వెళ్ళారో నాకు ఆ క్లాసులో అర్థమైంది.

నా వంతు వచ్చినప్పుడు గిరి గారి గురించే మాట్లాడాను. బి.ఎన్.ఆర్. సంఘం, ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ని నిలబెట్టినవాళ్ళలో ఆయన ఒకరు కావడం, తర్వాత కార్మిక మంత్రి కావడం, అన్నీ గర్వంగా చెప్పాను. చివర్లో బ్రెజిల్ అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "1974లో మీ దేశంలో చాలా పెద్ద రైల్వే సమ్మె జరిగింది కదా. అప్పుడు రాష్ట్రపతి ఎవరు?"

ఆయనే. 1974 మే 8 నుంచి 27 వరకు ఇరవై రోజులు, సుమారు 17 లక్షల మంది. సమ్మెని నడిపించింది ఆ ఫెడరేషనే, అప్పుడు దానికి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. వేలమందిని అరెస్టు చేశారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడవాల్సినవాడు అని చట్టం చెప్పేది చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది: "మీ తాతగారు కూడా రైల్వేయే అన్నావు. ఆయన ఏం చేశారు?"

నాకు తెలీదు. తాతయ్య నా మూడో ఏట పోయారు. నాన్నకి అప్పుడు ఆరేళ్ళు, ఏమీ గుర్తు లేదు. తెలిసిన మనిషి ఒక్కరే, నానమ్మ. ఆమెని నేను అడగలేను. ఎందుకో మూడో క్లాసు దగ్గర చెప్తాను.

తరగతి బయట

దానికి ముందు, క్లాసులు లేనప్పుడు ఏం చేసేదాన్నో. స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ఒక కాఫీ హోటల్లో గిన్నెలు తోమాను. అమ్మకి మాత్రం "కౌంటర్లో కూచుంటాను" అని చెప్పాను. ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటుంది. డిసెంబరులో నాలుగున్నర కాకముందే చీకటి. అప్పుడు మనకి రాత్రి పది అవుతుంది, ఇంట్లో అంతా పడుకునే వేళ. ఆ చీకటి గంటలే కష్టం. వెళ్ళే పిల్లలు దీనికి సిద్ధపడి వెళ్ళండి.

తెలుగువాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు నుంచి బోలెడు మంది. దీపావళికి ఒక ఇంట్లో కలిశాం. తలా ఒక వంట తేవాలి. నేను ఉప్మా, ఘుగుని చేసి తీసుకెళ్ళాను. ఉప్మాలో బఠాణీ కూర కలుపుకు తినడం చూసి వాళ్ళు ఆశ్చర్యపోయారు. "నువ్వు ఒడియా అమ్మాయివి కదా, తెలుగు బాగానే మాట్లాడుతున్నావే" అన్నాడు ఒకబ్బాయి, మెచ్చుకుంటూనే. "ఏటి?" అన్నప్పుడల్లా నవ్వారు. మరుసటి వారం ఒడియావాళ్ళు కలిశారు. "నువ్వు తెలుగు కదా, ఒడియా భలే మాట్లాడుతున్నావు" అన్నారు. మన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ రెండు మాటలూ కొత్త కాదు. మీరు కూడా వింటారు. కోపం తెచ్చుకోకండి.

మా కాలేజీ ఇప్పుడు ఊరి బయట బెల్‌ఫీల్డ్‌లో ఉంది. చెరువు, హంసలు, గాజు గోడల లా స్కూలు. గిరి గారు చదివిన రోజుల్లో కాలేజీ ఊరి మధ్యన ఎర్ల్స్‌ఫోర్ట్ టెరస్‌లో ఉండేది. ఆ భవనం ఇప్పుడు నేషనల్ కాన్సర్ట్ హాల్. ఒక శుక్రవారం సాయంత్రం 46ఎ బస్సెక్కి వెళ్ళి, చవక టిక్కెట్టు కొనుక్కుని లోపల కూచున్నాను. వాయిస్తున్నది నాకు సగమే తలకెక్కింది. ఈ మెట్లెక్కే ఆయన క్లాసుకి వెళ్ళి ఉంటాడు అనుకుంటూ ఉండిపోయాను.

ఆయనకి ఇంగ్లీషు చెప్పిన మాస్టారు థామస్ మక్‌డోనా, కవి. ఆ మాస్టారి ఆఖరి క్లాసు జేన్ ఆస్టిన్ నవల మీద అని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1916 ఈస్టర్‌కి జరిగిన తిరుగుబాటులో, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఆయనొకరు. మే 3న కిల్‌మెయినమ్ జైలు ఆవరణలో కాల్చి చంపారు. మే 12న అదే జైల్లో కానలీని, గాయాలతో నిలబడలేకపోతే, కుర్చీలో కూచోబెట్టి కాల్చారు. నేను ఆ ఆవరణ చూశాను. ఎత్తు రాతి గోడలు, కింద కంకర, ఒక శిలువ. గైడు చెప్తుంటే మా గుంపులో ఎవరూ మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ళైనా నిండని కుర్రాడికి, తనకి పాఠం చెప్పిన మనిషిని కాల్చేశారన్న వార్త ఎలా ఉండి ఉంటుంది? గిరి గారు ఆ జూన్‌లో బారిస్టరు అయ్యారు. అనుమానితుడని, జూలై 1 లోగా దేశం వదిలి పొమ్మని నోటీసు ఇచ్చారు. వచ్చేశారు.

మూడో క్లాసు: ఐరిష్

డబ్లిన్‌లో దిగిన రోజే బస్సు ముందు బోర్డు మీద "అన్ లార్" అని చూశాను. ఏదో పేట పేరనుకున్నాను. "ఊరి నడిబొడ్డు" అని అర్థమట. ప్రతి బోర్డు మీదా పైన ఐరిష్, కింద ఇంగ్లీషు. రాజ్యాంగం ప్రకారం ఐరిష్ వాళ్ళ మొదటి అధికార భాష. కాని బస్సులో, బజారులో ఎక్కడా వినపడదు. ఆ వింత చూసే మంగళవారం సాయంత్రాలు జరిగే ఐరిష్ మొదటి తరగతికి పేరు ఇచ్చాను.

చెప్పే టీచరమ్మ పడమటి తీరాన, ఇంట్లో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడే పల్లెలో పుట్టింది. నా పక్కన రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన. "బళ్ళో పదమూడేళ్ళు చదివాను. చదవమంటే చదువుతాను. నోరు తెరిస్తే రెండు వాక్యాలు రావు" అన్నాడు సిగ్గుపడుతూ. మనవరాలు ఐరిష్ మీడియం బడిలో చేరిందట, దాంతో మాట్లాడాలని వచ్చాడు.

మొదటి పాఠం: "తా ల్యౌర్ అగమ్." ఇంగ్లీషులో "ఐ హావ్ ఎ బుక్". ఐరిష్‌లో "కలిగి ఉండటం" అనే క్రియే లేదు. ఉన్నదున్నట్టు చెప్తే "నా దగ్గర పుస్తకం ఉంది" అని. క్లాసంతా తలలు గోక్కుంటుంటే నేను నవ్వాను. మనమూ అంతే కదా అనేది! తర్వాత "తా ఒక్రస్ ఒరమ్", ఆకలి నా మీద ఉంది. మనకి ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, నిద్ర పడుతుంది. అన్నీ బయటినుంచి మన దగ్గరికి వచ్చేవే. అవును, కాదు అనే మాటలు కూడా ఐరిష్‌లో లేవు. "వచ్చావా?" అంటే "వచ్చాను" అంటారు. అన్నం తిన్నావా అంటే మనం "తిన్నాను" అన్నట్టే. టీచరమ్మ, "నీకింత తొందరగా ఎలా వస్తోంది?" అని అడిగింది. "మా భాష ఇలాగే ఉంటుంది" అన్నాను. ఒడియా, హిందీ, ఇంగ్లీషు బడిలో చదువుకున్నాను గాని, తెలుగు గురించి ఒక పెద్ద మనిషి ముందు అలా మాట్లాడటం అదే మొదలు.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర దాటిన రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను, ఆ చప్పుడు తెలుసు. ఈసారి నేను దూరంగా ఉన్నాను. రెండు రోజులు ఎవరి ఫోనూ కలవలేదు. మూడో రోజు నాన్న దొరికారు. పెరట్లో మునగచెట్టు పడిపోయింది, వెనక రేకులు ఎగిరిపోయాయి, అందరూ క్షేమం. నానమ్మకి ఇవ్వమన్నాను. మీకు తెలుసు కదా, నానమ్మకి ఎదురుగా కూచుని పెదాలు కదిపితేనే అర్థమవుతుంది, ఫోనులో ఒక్క ముక్కా వినపడదు. కరెంటు లేదు, వీడియో లేదు. నేను "నానమ్మా, నానమ్మా" అని అరిచాను. అటునుంచి కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత, "నువ్వేటి సెప్తున్నావో నాకు ఇనబడ్డం లేదే గుంటా. ఉత్తరం రాయవేటి?" అంది.

నానమ్మ ఇచ్ఛాపురంలో అయిదో తరగతి దాకా చదివింది. తెలుగు చదువుతుంది, రాస్తుంది. ఒడియా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఇంగ్లీషు రాదు. నాకేమో తెలుగు చదవడం రాదు. నేను చదివిన బడిలో తెలుగు లేదు, ఇంట్లో ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి ఆ లోటు బయటపడలేదు.

ఆ తర్వాతి మంగళవారం టీచరమ్మ అందరినీ బోర్డు దగ్గరికి పిలిచింది. "మీ అమ్మ భాషలో, మీ అక్షరాల్లో మీ పేరు, ఊరు రాయండి." పోర్చుగీసు, పోలిష్, అరబ్బీ అయ్యాక నా వంతు. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. చివరికి "నా ఊరు బరంపురం" అన్న తెలుగు వాక్యాన్ని ఒడియా అక్షరాల్లో రాశాను. "ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉన్నాయో" అన్నారందరూ. ఎవరికీ తెలియలేదు. పక్కన డ్రైవరు తాతకి మాత్రం బయటికొచ్చాక చెప్పాను. "నీకు మాట వచ్చు, అక్షరం రాదు. నాకు అక్షరం వచ్చు, మాట రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అని నవ్వాడు.

ఆ రాత్రే అమ్మని అడిగి అక్షరాల పుస్తకం పేజీలు ఫోటోలు తీయించుకున్నాను. ఒడియా వచ్చినవాళ్ళకి ఒక సుఖం ఉంది. వరస ఒకటే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. ఒక కాలమ్‌లో ఒడియా అక్షరం, పక్కన తెలుగు అక్షరం రాసుకుంటూ పోయాను. రెండు నెలలు, రోజుకి అరగంట. ఒక్క చోటే తన్నింది. ఒడియాలో ఎ, ఏలకి కలిపి ఒకే అక్షరం. ఒ, ఓలకీ అంతే. తెలుగులో ఏది పొట్టి, ఏది పొడుగు అన్నది నా నోటికి తెలుసు గాని చేతికి తెలీదు. ఐరిష్‌లోనూ ఇదే తంటా. అచ్చు మీద చిన్న గీత పెడితే పొడుగు. "బ్రిష్టె" అంటే విరిగినది, "బ్రీష్టె" అంటే ప్యాంటు. టీచరమ్మ ఆ గీత మర్చిపోయినవాళ్ళని భలే ఏడిపించేది.

సంక్రాంతికి మొదటి ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ, నాలుగు రాత్రులు పట్టింది. చలి గురించి, గిన్నెలు తోమడం గురించి (నానమ్మకి నిజం చెప్పాను), మా అద్దె ఇంటి గురించి రాశాను. పోస్టులో వేశాక పదహారు రోజులకి చేరిందట. ఫిబ్రవరి నెలాఖరుకి జవాబొచ్చింది. కవరులో రెండు కాగితాలు. ఒకటి నా ఉత్తరమే. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపింది. "మా ఇంటి మెడ మీంచి కొండలు కనిపిస్తాయి" అని రాశానట. మెడ కింద గీత గీసి, పక్కన "ఎవరి మెడ?" అని రాసింది.

రెండో కాగితం ఆమె ఉత్తరం. "చిరంజీవికి నానమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం" అని మొదలు. అది చదవడానికి నాకు గంట పట్టింది.

అప్పటికి కార్మిక చట్టం క్లాసులో ఆ ప్రశ్న వచ్చి వారమైంది. రెండో ఉత్తరంలో అడిగాను: నానమ్మా, డెబ్భై నాలుగు సమ్మెలో తాతయ్య ఏం చేశారు?

ఏప్రిల్‌లో వచ్చిన జవాబు నాలుగు పేజీలు. తాతయ్య సమ్మెలో ఉన్నారు. అరెస్టు చేస్తారని భయపడి ఇచ్ఛాపురంలో ఆమె అన్నగారింట్లో పన్నెండు రోజులు ఉన్నారు. ఆ నెల జీతం లేదు. నానమ్మ గాజులు రెండు తాకట్టు పెట్టింది, పిల్లలకి చెప్పలేదు. పొద్దున్న చద్దన్నం, రాత్రి గంజి. సమ్మె ఆగిపోయాక తాతయ్య ఇంటికొచ్చి స్నానం చేసి, ఎవరితో మాట్లాడకుండా డ్యూటీకి వెళ్ళారు. తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. చివర్లో ఇలా రాసింది: "గిరి గారి ఫోటో తీసేయమంటారా అని నేను అడిగాను. మీ తాత వద్దన్నారు. కాని ఆ ఇరవై రోజులూ, తరువాత చాలా నాళ్ళూ, దానికేసి చూడలేదు. మళ్ళీ ఎప్పుడు చూడటం మొదలుపెట్టారో నేను గమనించలేదు."

ఇది నాన్నకీ తెలీదు, పెదనాన్నకీ తెలీదు. ఎవరూ అడగలేదట. నేను బ్రెజిల్ అమ్మాయికి కాఫీ తాగుతూ చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

ఇప్పుడు

2019 ఆగస్టులో చదువు అయింది. తర్వాత అక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసి ఇంటికొచ్చాను. గిరి గారిలా నాకెవరూ నోటీసు ఇవ్వలేదు, నా ఇష్టంతోనే వచ్చాను. ఇప్పుడు విశాఖలో కార్మిక కేసులు చూసే ఒక సీనియరు వకీలు గారి దగ్గర పని చేస్తున్నాను. డబ్లిన్‌లో డ్రైవరు తాత మనవరాలితో ఐరిష్‌లో దెబ్బలాడే స్థాయికి వచ్చాడని క్రిస్మస్ కార్డులో రాశాడు.

పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే. ఒకటి, తెలీనప్పుడు తెలీదని చెప్పండి. రెండు, మీ సబ్జెక్టుకి సంబంధం లేని క్లాసు ఒకటి, మార్కుల్లేనిది, తప్పకుండా తీసుకోండి. మూడు, "మీది ఏ ఊరు?" అని అడిగితే, కాస్త పెద్ద జవాబైనా, మొత్తం చెప్పండి. నాలుగు, వెళ్ళేలోపు అక్షరాలు నేర్చుకోండి. ఒడియా పక్కన తెలుగు రాసిన నా కాలమ్‌ల పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది, జిరాక్సు తీసి ఇస్తాను.

నానమ్మకి ఎనభై ఎనిమిది. చెయ్యి కొంచెం వణుకుతోంది గాని ఉత్తరాలు ఆపలేదు. విశాఖ మూడు, నాలుగు గంటల దూరమే, ప్రతి నెలా వెళ్తాను. అయినా రాస్తుంది, నేనూ రాస్తాను. ఎదురుగా కూచున్నప్పుడు చెప్పనివి కాగితం మీద చెప్తుంది. పోయిన వారం నా ఉత్తరం దిద్దకుండా వచ్చింది. చివర్లో ఎర్ర సిరాతో ఒక్క మాట: "ఈ పాలి ఒక్కటే తప్పు. ఎక్కడో నువ్వే ఎతుక్కో."

ఇంకా వెతుకుతున్నాను.